అంబేడ్కర్ పేరున్న విశ్వవిద్యాలయం తలుపు ఎవరికి తెరిచి ఉంది?

దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన తెలుగు నేల మీదే పుట్టింది. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న ఆ కొద్ది నెలల కాలంలో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. తొలి వైస్ ఛాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ తొలి వైస్ ఛాన్స్‌లర్‌గా ఆయన్నే పిలిచారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991 అక్టోబరులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు.

అంతకు ముందు దూరవిద్య లేదని కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1972లో ఆంధ్రా యూనివర్సిటీ, 1977లో ఉస్మానియా అదే దారి పట్టాయి. కానీ అవి మామూలు కాలేజీ చదువునే పోస్టులో పంపిన పద్ధతులు. ఇంటర్ పాసైతేనే డిగ్రీ. ఓపెన్ యూనివర్సిటీ తెచ్చిన కొత్త సంగతి వేరు. బడి మధ్యలో మానేసిన వాళ్లు కూడా, 18 ఏళ్లు నిండితే, అర్హత పరీక్ష ఒకటి రాసి డిగ్రీలో చేరవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్ కూడా అడగలేదు. దళిత వాడలకు ఈ ఒక్క నిబంధన విలువ ఎంతో చెప్పాల్సిన పని లేదు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో పశువుల వెంట, పత్తి చేలకు, ఇటుక బట్టీలకు పోయిన పిల్లలు పెద్దయ్యాక ఏ ప్రిన్సిపాల్ దయా అక్కర్లేకుండా డిగ్రీ చదవగలిగిన దారి అది. అటెండర్లు, హమాలీలు, అంగన్‌వాడీ టీచర్లు, పారిశుధ్య కార్మికులు, సంఘాల్లో పూర్తికాలం పనిచేసే కార్యకర్తలు ఆ దారిలో నడిచారు.

అంబేడ్కర్ పేరు ఈ చదువుకు ఊరికే అతికించింది కాదని కూడా గుర్తుంచుకోవాలి. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున ఆయన 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు, పగలు ఉద్యోగాలు చేసుకునే వాళ్లు చదువుకోవాలని పొద్దున్నే తరగతులు పెట్టించారు. ఆయన కంటే ముందు ఫూలే దంపతులు 1855లో పూణేలో కూలీలకు, రైతులకు రాత్రి బడి నడిపారు. కష్టం చేసుకునే మనిషి వేళను బట్టి చదువు వేళ మారాలన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. ఓపెన్ యూనివర్సిటీని దీంతోనే కొలవాలని మేం అనుకుంటున్నాం.

మూసుకుపోయిన మొదటి తలుపు

ఇవాళ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీలో చేరాలంటే ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన అర్హత చూపించాలి. అర్హత పరీక్ష దారి పోయింది. ప్రమాణాల పేరుతో యూజీసీ నిబంధనలు ఒక్కొక్కటిగా బిగుసుకుంటూ వచ్చాయి. పట్టం ఏ పద్ధతిలో చదివినా ప్రవేశ అర్హత ఒకటే ఉండాలన్నది దీని వెనక ఉన్న వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ప్రవేశం దగ్గర సడలింపు ఇచ్చి, పరీక్ష దగ్గర సడలింపు ఇవ్వకపోవడమే ఓపెన్ యూనివర్సిటీ అనే ఆలోచనకు ప్రాణం. లోపలికి ఎవరైనా రావచ్చు, పాసైన వాళ్లే పట్టంతో బయటికి వెళ్తారు. ప్రవేశం దగ్గరే గేటు పెడితే పేరులోని 'సార్వత్రిక' అన్న మాటకు అర్థం ఏముంటుంది?

బడి మానేసిన వాళ్లకు ఇప్పుడున్న మార్గం ఓపెన్ స్కూల్. తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్‌ఎస్, జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ పదో తరగతి, ఇంటర్ చదివిస్తాయి. ఇది పనికిరాని దారి అని మేం అనం. కానీ ముప్ఫై ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లలున్న కూలి మనిషి డిగ్రీ మొదటి పుస్తకం పట్టుకోవడానికి ముందే కొన్నేళ్లు, రెండు దఫాల ఫీజులు ఖర్చవుతాయి.

పాత పద్ధతిలో చదివిన వాళ్ల కష్టం ఇంకో రకం. బార్ కౌన్సిల్ 2008లో చేసిన న్యాయవిద్య నియమాల్లో 5వ నియమం కింద ఒక వివరణ ఉంది. ప్రాథమిక అర్హత ఏదీ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా ఇంటరో, డిగ్రీయో, పీజీయో పొందిన వాళ్లు లా కోర్సులో చేరడానికి అర్హులు కారని అది చెబుతుంది. అట్రాసిటీ కేసుల్లో బాధితుల వెంట పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, ఇక తానే లాయరు కావాలనుకున్న కార్యకర్తకు ఈ వాక్యం అడ్డం పడుతుంది. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు కూడా, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో పొందిన పీజీ చెల్లదని తేల్చింది. కాబట్టి మెట్లు దాటేసి నేరుగా పైకి తీసుకెళ్తామనే ఏ ప్రకటననూ నమ్మకండి. టెన్త్, ఇంటర్, డిగ్రీ, పీజీ, ఈ వరుస తప్పితే ఉద్యోగం దగ్గరో ప్రమోషన్ దగ్గరో దెబ్బ తగులుతుంది.

డబ్బు

రెగ్యులర్ కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, హాస్టల్ ఉంది, మెస్ బిల్లు ఉంది. అవి ఎప్పుడొస్తాయన్నది వేరే గొడవ. దూరవిద్యలో చేరిన ఎస్సీ విద్యార్థికి మాత్రం మొదటి రూపాయి నుంచి చివరి రూపాయి వరకు సొంత చెయ్యే. తెలుగు రాష్ట్రాల ఈ-పాస్ అర్హత నిబంధనల్లో ఓపెన్ యూనివర్సిటీ కోర్సులు, దూరవిద్య కోర్సులు అనర్హుల జాబితాలో ఉంటూ వచ్చాయి. హాజరు శాతం ఉండాలన్న షరతు కూడా వారానికి ఒక్కరోజు తరగతి ఉండే చదువుకు పొసగదు.

ఇక్కడొక వైరుధ్యాన్ని విద్యార్థి సంఘాలు గట్టిగా పట్టుకోవాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర పథకం. కరస్పాండెన్స్ కోర్సులు చదివే ఎస్సీ విద్యార్థులకు తిరిగిరాని ఫీజులు చెల్లించి, పుస్తకాలకు ఏడాదికి కొంత భత్యం కూడా ఇవ్వాలని ఆ పథకం మార్గదర్శకాల్లో ఎప్పటి నుంచో ఉంది. 2010 సవరణలో ఆ పుస్తకాల భత్యం 1,200 రూపాయలు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని 60:40 వాటాల పద్ధతికి మార్చింది. ఢిల్లీలో అర్హుడైన విద్యార్థి తన జిల్లా సంక్షేమ కార్యాలయం దగ్గరికి వచ్చేసరికి అనర్హుడెలా అయ్యాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం ఉంది. తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఎస్సీలకు చేరని పద్దులకు కూడా ఆ నిధులు మళ్లించారన్న విమర్శ రెండు చోట్లా ఏటా వినిపించేదే. ఆ డబ్బులో ఓపెన్ డిగ్రీ ఫీజు ఎంత భాగం అవుతుంది!

ఇగ్నోలో కొన్ని సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ కోర్సులకు ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల ఫీజు మినహాయింపు ఉంటుంది. ఒక విడతలో ఒక్క కోర్సుకే వర్తిస్తుంది, అన్ని కోర్సులకూ వర్తించదు. చేరే విడత ప్రకటనలో ఆ జాబితా చూసుకున్నాకే దరఖాస్తు నింపాలి.

ఫీజు కంటే పెద్ద ఖర్చు లెక్కలో కనిపించదు. తరగతులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో. ఉద్యోగస్తులకు ఆదివారం సెలవు. రోజు కూలికి పోయే వాళ్లకు ఆదివారం కూడా కూలి రోజే. తరగతికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ ఎదురు పెట్టాలి, మధ్యాహ్నం బయట తినాలి. అధ్యయన కేంద్రాలు ఎక్కువగా పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉంటాయి. వాడ నుంచి మండల కేంద్రానికి ఆటో, అక్కడి నుంచి పట్టణానికి బస్సు, పొద్దున తొమ్మిదింటికి తరగతి. ఇక సెమిస్టర్ పద్ధతి వచ్చాక పరీక్షలు ఏడాదికి రెండు దఫాలయ్యాయి. పరీక్ష ఫీజు రెండుసార్లు, పనికి నాగా రెండుసార్లు. రెగ్యులర్ విద్యార్థి కోసం చేసిన సంస్కరణను పనిమనుషుల చదువు మీద అలాగే తెచ్చి పెట్టారు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఒక ఊరట మాత్రం ఊహించని వైపు నుంచి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లో ఉంది. చదువు కోసం పెట్టిన పథకం కాకపోయినా, స్టడీ సెంటర్‌కు వెళ్లే దళిత మహిళకు చార్జీల బరువు కొంతైనా దించింది ఇదే. బస్సే రాని ఊళ్లకు ఇదీ లేదు.

పుస్తకం ఉంది, ఫోన్ లేదు

అంబేడ్కర్ యూనివర్సిటీ నిజంగా గొప్పగా చేసిన పని పాఠ్యపుస్తకాలు. చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం తెలుగులో, మాస్టారు పక్కన లేకుండా చదివి అర్థం చేసుకునేలా రాయించారు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వీటినే పెట్టుకుంటారు. పాత పుస్తకాల అంగళ్లలో వీటికి గిరాకీ తగ్గదు. ఇంగ్లీషు మీడియం కాలేజీ మెట్లెక్కని వాళ్లకు సామాజిక శాస్త్రాలు తెలిసింది చాలా వరకు ఈ పుస్తకాల వల్లే. ఇగ్నో పుస్తకాలు మంచివే, కానీ ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగులో దొరికేవి తక్కువ.

అందుకే అచ్చు పుస్తకం పక్కకు పోయి, వీడియో, యాప్, పీడీఎఫ్ ముందుకు రావడం చూస్తే మాకు భయంగా ఉంటుంది. 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం, గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పగలంతా ఇంటాయనతో పనికి పోతుంది. రాత్రి తొమ్మిదింటికి వచ్చిన ఫోన్‌లో మిగిలిన డేటాతో ఆమె నలభై నిమిషాల పాఠం చూడాలి. 2020 జూన్ 1న, ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే, కేరళలోని మలప్పురం జిల్లాలో తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడై ఉంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అది బడి పిల్ల సంగతి, యూనివర్సిటీది కాదు అనుకోవడానికి వీల్లేదు. విధానం ఒకటే, ఇల్లు ఒకటే.

రేడియో, టీవీ పాఠాలకు మన దగ్గర మంచి చరిత్రే ఉంది. ఆకాశవాణి, దూరదర్శన్‌లో ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు వచ్చేవి. తెలంగాణలో టీ-సాట్ చానళ్లు ఉన్నాయి. డేటా ఖర్చు లేని ఈ దారులను పాతబడినవని వదిలేయడం తెలివితక్కువ.

చేరడమే ఇప్పుడు ఆన్‌లైన్ పరీక్షలా తయారైంది. 2024-25 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కావాలి. దానికి డిజీలాకర్, డిజీలాకర్‌కు ఆధార్, ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరు. దొంగ ప్రవేశాలను ఆపడానికే ఇదంతా అంటారు. ఆ అవసరం ఉందని కింద చెప్పబోయేది చదివితే మీరూ ఒప్పుకుంటారు. కానీ ఆధార్ తీసుకున్ననాటి సిమ్ కార్డు ఎప్పుడో పోయిన మనిషి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. పేర్ల తకరారు మన వాళ్లకు మరీ ఎక్కువ. బళ్లో చేర్చేటప్పుడు మాస్టారు తోచినట్టు రాసిన పేరు ఒకటి, చర్చిలో పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలే లేదు. టెన్త్ మెమోలో ఉన్నట్టుగా ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ దిద్దించుకున్నాకే దరఖాస్తుకు కూర్చోవాలి. ప్రవేశాల గడువు చివరి వారంలో ఈ పని కాదు.

చెల్లే పట్టా, చెల్లని పట్టా

మన పిల్లల్ని ఎక్కువగా మోసం చేసేది బస్టాండు దగ్గర మేడ మీది గదిలో బోర్డు పెట్టుకున్న 'స్టడీ సెంటర్'. ఎక్కడో ఉత్తరాది యూనివర్సిటీ పేరు చెప్పి, ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామంటారు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ వ్యాపారం ఎంత దూరం పోయిందో చూపించింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001-05 మధ్య చేరిన వాళ్ల డిగ్రీలను కోర్టు నిలిపివేసి, ఏఐసీటీఈ పరీక్ష పాసైతేనే నిలబడతాయంది. తర్వాత చేరిన వాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఏళ్ల తరబడి ఆ డిగ్రీతో ఉద్యోగం చేస్తున్న వాళ్లు రోడ్డున పడ్డారు.

గుర్తింపు ఇచ్చే పని మొదట ఇగ్నో కింద ఉన్న దూరవిద్యా మండలి చూసేది. 2013లో దాన్ని రద్దు చేసి యూజీసీకి అప్పగించారు. ఇప్పుడు యూజీసీలోని దూరవిద్యా బ్యూరో ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఏ సంవత్సరానికి అన్న జాబితా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. యూనివర్సిటీ పేరు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సు, మీరు చేరే సంవత్సరం కూడా అందులో ఉండాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి దూరవిద్య నడపకూడదు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం దూరవిద్యలో చదవడానికి వీల్లేదు. అలా చదివిస్తామని ఎవరన్నా అన్నారంటే అక్కడి నుంచి లేచి రావడమే.

గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీని మాత్రం ఎవరూ తక్కువ చేయడానికి లేదు. అది రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. ఇంటర్వ్యూలో "ఓపెన్ డిగ్రీయా?" అని మొహం చిట్లించే వాళ్లకు ఆ ప్రకటన ప్రతి చూపించండి. ఆ చిట్లింపులో డిగ్రీ మీది అనుమానం ఎంతో, ఆ డిగ్రీ చదివే మనుషుల మీది అనుమానం ఎంతో మనకు తెలియనిది కాదు.

లెక్కలు అడగాలి

2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.14 కోట్ల మందిలో 45.71 లక్షల మంది దూరవిద్యలో ఉన్నారు. అంటే సుమారు తొమ్మిది మందిలో ఒకరు. 2035 నాటికి ఉన్నత విద్యలో స్థూల నమోదు 50 శాతానికి చేరాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. అందుకు దూరవిద్యను, ఆన్‌లైన్‌ను పెంచమంటుంది. మా అనుమానం ఇక్కడే. హాస్టళ్లు కట్టకుండా, అధ్యాపకుల ఖాళీలు నింపకుండా నమోదు అంకెను పెంచడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. క్యాంపస్ అంటే తరగతి గది ఒక్కటే కాదు. లైబ్రరీ, స్నేహాలు, చర్చలు, సంఘం, ఎన్నికలు కూడా. దళిత విద్యార్థి రాజకీయాలు క్యాంపస్‌లోనే పెరిగాయి. హాస్టల్ సీటు దొరక్కో, అవమానాలు పడలేకో వచ్చేసిన పిల్లను "దూరవిద్యలో చదువుకో అమ్మా" అని ఇంటికి పంపడం చదువు చెప్పడం కిందికి రాదు. పని వదిలి రాలేని వాళ్లకు దూరవిద్య హక్కు. రాగలిగిన వాళ్లకు క్యాంపస్ హక్కు. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టడాన్ని ఒప్పుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ఇంకో చిక్కు ఉంది. విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఉంది. కూలీల యూనివర్సిటీకి ఆ అడ్రసు దొరకడం ఒక వింత. 2014 విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆస్తులు, సిబ్బంది పంపకాల మీద రెండు ప్రభుత్వాలూ మాట్లాడినంతగా, కృష్ణా అవతల చదువుతున్న వాళ్ల బాధ్యత ఎవరిదన్నది మాట్లాడలేదు.

జిల్లాల్లో పనిచేసే మిత్రులు సమాచార హక్కు చట్టం కింద అడగదగ్గ ప్రశ్నలు ఇవి. మీ జిల్లాలోని ప్రతి అధ్యయన కేంద్రంలో గత అయిదేళ్లలో ఎంతమంది ఎస్సీ స్త్రీలు, పురుషులు చేరారు, ఎంతమంది రెండో సంవత్సరం ఫీజు కట్టారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు. పుస్తకాలు ఏ తేదీన కేంద్రానికి చేరాయి, పరీక్షలు ఏ తేదీన మొదలయ్యాయి. తరగతులు ఎన్ని జరగాలి, ఎన్ని జరిగాయి. సైన్సు విద్యార్థులకు ప్రాక్టికల్స్ ఎక్కడ చేయించారు. ఎస్సీ సంక్షేమ శాఖను వేరుగా అడగాలి: దూరవిద్య విద్యార్థులను స్కాలర్‌షిప్ నుంచి తప్పించిన ఉత్తర్వు ప్రతి ఇవ్వండి అని. మన రెండు రాష్ట్రాల్లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వాళ్లు ఆ రుజువు జతచేస్తే ఏమీ కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి, దానికి మరో 30 రోజుల గడువు ఉంటుంది.